షార్ట్ సర్క్యూట్ అని ఎవరు చూసొచ్చారు?

మా నూజివీడు వైపు ఏప్రిల్ అంటే మామిడి నెల. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు... ఆగిరిపల్లి, ముసునూరు, రెడ్డిగూడెం, విస్సన్నపేట తోటల నుంచి లారీలూ ట్రాక్టర్లూ నున్న మార్కెట్ దారి పడతాయి. తోటల్లో కాపలా పాకలు లేస్తాయి. ప్యాకింగ్ షెడ్లలో వరిగడ్డి, అట్టపెట్టెలు గుట్టలు పడతాయి. సరిగ్గా అదే నెలలో, 14 నుంచి 20 దాకా, అగ్నిమాపక వారోత్సవాలు వస్తాయి. ఫైర్ స్టేషన్ వాళ్లు బడికొచ్చి, సిలిండర్‌కు అంటుకున్న మంటను తడి గోనెపట్టాతో ఎలా ఆర్పాలో చూపిస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఆ తేదీకి కారణం ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో, పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ కలిపి మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయింది. మంటలార్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బందిలో 66 మంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగానే ఈ వారోత్సవాలు.

మా ప్రాంతానికి మాత్రం దానికి ఒక్కరోజు ముందరి తేదీ కూడా గుర్తుండిపోయింది. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలోని పోరస్ లేబొరేటరీస్ ఫ్యాక్టరీలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. వాళ్లలో నలుగురు బీహార్ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. ఏలూరు జిల్లా ఏర్పడి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. తెల్లారేసరికి టీకొట్ల దగ్గర ఒకటే మాట. గ్యాస్ లీకంట. రియాక్టరు పేలిందంట. యాసిడంట. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. జనం అలా మాట్లాడుకోవడం సహజమే. కానీ ఇలాంటి చోట ‘ఇదీ కారణం’ అని చెప్పాల్సిన మనిషి ఎవరు? ఆయన ఏం చదివాడు? ఏ పరీక్ష పాసయ్యాడు? ఈ ప్రశ్న నన్ను అప్పటి నుంచీ వదలడం లేదు.

ఒక పెద్ద అగ్నిప్రమాదం జరిగాక ఆ బూడిదలోకి ఎంతమంది దిగుతారో చూడండి. మంటలార్పిన ఫైర్ ఆఫీసరు, కేసు రాసిన ఎస్సై, ఫ్యాక్టరీ అయితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, కరెంటు సంగతి అయితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు, అనుమానం ఉంటే ఫోరెన్సిక్ ల్యాబు వాళ్లు, బీమా ఉంటే సర్వేయరు. వీళ్లలో సర్వేయరుకు 1938 నాటి బీమా చట్టం కింద లైసెన్సు ఉండాలి. పరీక్ష ఉంది, శిక్షణ ఉంది. అంటే కాలిపోయిన సరుకు విలువ ఎంతో లెక్కగట్టే మనిషికి సర్టిఫికెట్ కావాలి. అది ఎందుకు కాలిందో తేల్చే మనిషికి ఫలానా పరీక్ష పాసై ఉండాలన్న షరతు మాత్రం మన చట్టాల్లో లేదు.

మన ఫైర్ ఆఫీసర్లకు శిక్షణ లేదని అనడం లేదు. దేశం మొత్తానికి నాగపూర్‌లో నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది. 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో మొదలై, మరుసటేడు నాగపూర్‌కు మారింది. సబ్ ఆఫీసర్ దగ్గర్నుంచి ఫైర్ ఇంజనీరింగ్ డిగ్రీ దాకా అక్కడ నేర్పారు. మన రాష్ట్రానికి 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం ఉంది. భవనాలకు ఎన్వోసీ ఇవ్వడానికి నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో నాలుగో భాగం ఉంది. మెట్లెంత వెడల్పుండాలి, పైన నీళ్ల ట్యాంకు ఎంతుండాలి, అన్నీ అందులో ఉంటాయి. మంట ఆర్పడానికి శిక్షణ, మంట రాకుండా చూడటానికి ఒక కోడ్ ఉన్నాయి. మంట ఎందుకొచ్చిందో చదవడం దగ్గరికొచ్చేసరికి ఎవరి అనుభవం వాళ్లదే.

ఫైర్ సర్వీసులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధిలో ఉన్నారు. ఒకసారి అడిగాను.

“బాబాయ్, రిపోర్టులో కారణం అన్నచోట ఏం రాసేవాళ్లు?”

“ఏముంది నాయనా, ఆర్పేసరికి తెల్లారేది. ఈలోపు ఇంకో కాలొచ్చేది. అక్కడ కరెంటుందా? ఉంది. అయితే షార్ట్ సర్క్యూట్. కరెంటు లేదా? బీడీముక్క. మాకు ఆర్పడం నేర్పారుగానీ, బూడిదని చదవడం ఎవరు నేర్పారు?”

ఆయన నవ్వుతూ అన్నాడుగానీ, ఆ రెండు మాటల వెనక ఎంతమంది బతుకులు ఉంటాయో నేను చూశాను. కొన్నేళ్ల కిందట మా వైపు ఒక ప్యాకింగ్ షెడ్డు రాత్రిపూట తగలబడింది. కాగితంలో షార్ట్ సర్క్యూట్ అన్నారు. ఊళ్లో మాత్రం కాపలా మనిషి బీడీ తాగి పడేశాడన్నారు. రెండిట్లో ఏదీ ఎవరూ దగ్గరికెళ్లి చూసి చెప్పింది కాదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా షెడ్డు యజమాని పొక్లెయిన్ పెట్టి అంతా ఎత్తించేశాడు. కాయల సీజను మరి, ఆగుతుందా? ఆ కాపలా మనిషికి ఆ తర్వాత ఏ తోటలోనూ పని దొరకలేదు. పెళ్లాంబిడ్డల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయాడు. బీడీ అతనిదేనేమో. అయినా అతనిదేనని తేల్చిందెవరు?

ఇంతకీ ఈ షార్ట్ సర్క్యూట్ సంగతి చూద్దాం. కాలిన ఇంట్లో రాగితీగ చివర కరిగి చిన్న పూసలా గడ్డకట్టి కనిపిస్తే, అదిగో అని చూపిస్తారు. రాగి కరగడానికి 1085 డిగ్రీల వేడి కావాలి. రెండు తీగలు తగులుకుని మెరుపు లేస్తే అంతకన్నా ఎక్కువ వేడి పుడుతుంది, నిజమే. కానీ మంట ఇంకెక్కడో పుట్టి వైరింగ్ దాకా వచ్చిందనుకోండి. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు కాలిపోతుంది, లోపల కరెంటు ఇంకా పారుతూనే ఉంటుంది, తీగలు తగులుకుంటాయి, అప్పుడూ అదే పూస వస్తుంది. మంట షార్ట్ సర్క్యూట్ వల్ల వచ్చిందా, షార్ట్ సర్క్యూట్ మంట వల్ల వచ్చిందా? ఒట్టి పూసను చూసి చెప్పలేం. ఏ ఫ్యూజు ముందు పోయింది, ఏ గది ముందు కాలింది, మొదట చూసినవాళ్లు పొగ ఎటువైపు చూశారు, అన్నీ కలిపి చూడాలి. దానికి చదువు కావాలి.

అమెరికాలో 1992లో ఎన్‌ఎఫ్‌పీఏ 921 అనే మార్గదర్శి వచ్చింది. అగ్నిప్రమాదాన్ని ఎలా దర్యాప్తు చేయాలో చెప్పే పుస్తకం అది. దర్యాప్తు చేసే మనిషికి ఏమేం తెలిసుండాలో చెప్పే 1033 అనే ప్రమాణం ఇంకొకటి ఉంది. అక్కడ అర్హత పరీక్ష పాసై సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లు కూడా ఐదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఆ పుస్తకం ప్రకారం ‘కారణం’ అంటే మూడు ప్రశ్నలకు జవాబు. వేడి ఎక్కడిది? మొదట అంటుకున్నది ఏది? ఆ రెండిటినీ ఒకచోటికి చేర్చిన పరిస్థితి ఏమిటి?

షార్ట్ సర్క్యూట్ అన్నది, నిజమే అయినా, మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫ్యాక్టరీలో 17 మంది చనిపోయారు. సాల్వెంట్ లీకై, దాని ఆవిరికి కరెంటు పరికరాల దగ్గర నిప్పంటుకుందని ప్రాథమికంగా చెప్పారు. దాన్ని ఒట్టి కరెంటు ప్రమాదం అని రాసేస్తే సాల్వెంట్ ఎందుకు లీకైందన్న ప్రశ్నే మాయమైపోతుంది. అసలు బాధ్యుడు ఆ మూడో ప్రశ్నలోనే ఉంటాడు.

అమెరికా వాళ్లకి ఈ బుద్ధి ఊరికే రాలేదు. 1991 డిసెంబరులో టెక్సస్‌లోని కోర్సికానాలో ఒక ఇల్లు కాలి ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. నేల మీది మచ్చలు ఏదో మండే ద్రవం పోసిన జాడలనీ, సాలెగూడులా పగుళ్లిచ్చిన కిటికీ అద్దం కూడా అందుకు సాక్ష్యమనీ దర్యాప్తు అధికారులు చెప్పారు. తండ్రి టాడ్ విల్లింగమ్‌కి మరణశిక్ష పడింది. 2004 ఫిబ్రవరి 17న అమలు చేశారు. గది మొత్తం ఒక్కసారిగా అంటుకున్నప్పుడు నేల మీద అలాంటి మచ్చలు మామూలుగానే వస్తాయనీ, వేడెక్కిన అద్దం మీద నీళ్లు పడితే అలా పగుళ్లిస్తుందనీ శాస్త్రజ్ఞులు చెప్పారు. ఏం లాభం, మనిషి పోయాక.

మరుసటేడు, 2005లో, లాస్ వేగాస్‌లో ఒక పరీక్ష పెట్టారు. రెండు గదులను కావాలని తగలబెట్టి, ఆర్పి, 53 మంది దర్యాప్తు అధికారులను పిలిచి, మంట ఏ మూల పుట్టిందో చెప్పమన్నారు. నాలుగు మూలల్లో ఒకటి చెబితే చాలు. ఒక్కో గదికి సరిగ్గా చెప్పింది ముగ్గురే. కళ్లు మూసుకుని చీటీ తీసినా పదమూడు మంది నెగ్గేవాళ్లు! అనుభవం ఉంటే చాలనేవాళ్లకు ఈ ఒక్క లెక్క చాలు.

ఇక మా మామిడి సంగతి. ఇక్కడ తనిఖీకొచ్చే మనిషికి బిల్డింగ్ కోడ్ ఒక్కటే సరిపోదు. కాయలు మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడకూడదని ఆహార నిబంధనలు చెబుతున్నాయి. అయినా దొంగచాటుగా కొన్నిచోట్ల పొట్లాలు పెడుతూనే ఉన్నారు. ఆ కార్బైడ్‌కు నీళ్లు తగిలితే ఎసిటిలీన్ పుడుతుంది. గ్యాస్ వెల్డింగ్‌లో మండేది అదే. గాలిలో రెండున్నర శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. అలాంటి గోదాములో మంట వస్తే నీళ్లు కొట్టడమంటే మంటకు మేత వేయడమే. పొడి ఇసుక, పొడి పౌడరు వాడాలి. అంతా అయ్యాక మిగిలేది సున్నం. తెలియనివాడు దాన్ని గోడ సున్నమనుకుని తొక్కుకుంటూ వెళ్లిపోతాడు. రైపనింగ్ ఛాంబర్లలో వాడే ఇథిలీన్ కూడా మండే వాయువే. దాన్ని పది లక్షల్లో వంద భాగాల దాకా వాడుకోవచ్చన్నారు. అంటే 0.01 శాతం. అంటుకోవడానికి 2.7 శాతం కావాలి. ఛాంబర్ సక్రమంగా నడిస్తే భయం లేదు. సిలిండర్ వాల్వు లీకైతే? అది చూడటం తెలిసినవాడే తనిఖీ చేయాలి.

చట్టంలోనూ ఒక సందుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నేర ప్రక్రియ సంహిత, ఏడేళ్లు అంతకు పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలంటోంది. దాన్ని ఐదేళ్లలోపు అమలుకు తెచ్చుకోమని రాష్ట్రాలకు గడువిచ్చింది. మంచిదే. కానీ నిర్లక్ష్యం వల్ల మరణం అని కేసు కడితే శిక్ష ఐదేళ్ల వరకే. అంటే కూలీలు కాలి చనిపోయినా, కేసు ఆ సెక్షన్ దగ్గరే ఆగితే, నిపుణుడు తప్పనిసరిగా రావాలన్న నిబంధన వర్తించదు. కొత్త సంహితలో మరణాలున్న ప్రతి అగ్నిప్రమాదాన్నీ ఈ జాబితాలో చేర్చడానికి అడ్డేమిటి?

ఇంకొకటి. మా నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. కెమికల్, ఎలక్ట్రికల్, మెటలర్జీ విభాగాలున్నాయి. కరిగిన రాగిపూసను మైక్రోస్కోపు కింద పెట్టడానికి హైదరాబాద్ దాకా వెళ్లాలా? ఏడాదికి రెండు విడతలు మన జిల్లా ఫైర్ ఆఫీసర్లకూ, ఎస్సైలకూ, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లకూ కలిపి పదిహేను రోజుల శిక్షణ ఇక్కడే పెట్టి, చివర్లో ఒక పాత షెడ్డు తగలబెట్టి పరీక్ష పెట్టండి. పాసైనవాళ్లకే కారణం రాసే అధికారం ఇవ్వండి. ఫెయిలైతే మళ్లీ రాస్తారు. టెన్త్ పిల్లలు రాయడం లేదా?

అంతదాకా మనం చేయగలిగింది కొంత ఉంది. మీ షెడ్డో, ఇల్లో కాలిందనుకోండి, ఆ దుఃఖంలోనే నాలుగు పనులు గుర్తుంచుకోండి. మంట ఆరగానే ఊడ్చేయకండి. సర్వేయరు, పోలీసులు చూసేదాకా మీటరు, ఫ్యూజు, వైర్లు కదపకండి. నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీయండి, ఫోనులో టైము పడుతుంది. మొదట చూసిందెవరు, పొగ ఏ రంగులో, ఎటువైపు వచ్చిందో ఆ రోజే కాగితం మీద రాయించుకోండి. ఫైర్ స్టేషన్ రిపోర్టులో కారణం అని ఏం రాశారో చదవండి. షార్ట్ సర్క్యూట్ అని ఉంటే, దేన్ని చూసి అలా రాశారండీ అని మర్యాదగానే అడగండి. కాపలా మనిషి బీడీ అని ఉన్నా అలాగే అడగండి. జవాబు చెప్పడం వాళ్ల పని.