నూజివీడు సీటు వదులుకునే ముందు

పదో తరగతి ఫలితాలు రాగానే కైకలూరు, మండవల్లి, ఆకివీడు ఇళ్ళలో ఒకటే చర్చ. జడ్పీ హైస్కూల్లో ఫస్టొచ్చిన పిల్లని నూజివీడు ట్రిపుల్ ఐటీలో చేర్చాలా, బెజవాడ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేయాలా? రెండేళ్ళ తర్వాత నెట్ సెంటర్లో ర్యాంకు కార్డు పట్టుకుని వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మళ్ళీ అదే. తండ్రి నోట ముందొచ్చేది చెన్నై పేరో, హైదరాబాద్ పేరో.

నా మాట సూటిగా చెబుతాను. బాగా చదివే పిల్లలకు మన ప్రభుత్వ విద్యాసంస్థే మొదటి ఆప్షన్ కావాలి.

2008లో పెట్టిన నూజివీడు ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ చదువులోకి తీసుకుంటుంది. సర్కారు బడి పిల్లలకు అదనపు స్కోరూ కలుపుతుంది. 2015లో వచ్చిన తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రంలో ఇంటర్ పాసైన వాళ్ళవే. ఇంటర్‌కి హైదరాబాద్ పంపితే ఆ కోటా పోతుందని ముందే తెలుసుకోండి. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నాయి. కొబ్బరి, కోకో తోటల మధ్యే ఉద్యానశాస్త్రం చదివే వీలు ఏ నగరంలో దొరుకుతుంది?

అలాగని కళ్ళు మూసుకుని చేర్చమనను. ట్రిపుల్ ఐటీల్లో చాలాకాలంగా పాఠాలు చెబుతున్నవాళ్ళలో ఎక్కువమంది కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులే. ఒకసారి వెళ్ళి చూడండి. ఆ బ్రాంచిలో రెగ్యులర్ ప్రొఫెసర్లు ఎందరు? సాయంత్రం ఆరు దాటాక ల్యాబ్ తెరిచి ఉంటుందా? మూడో ఏడాది పిల్లలు ప్రాజెక్టు ఎవరి దగ్గర చేస్తున్నారు? చురుకైన పిల్ల సిలబస్‌ని ఇట్టే ముగించేస్తుంది. ఆ తర్వాత ఏం చదవాలో చెప్పే గురువు కావాలి. ఇవే ప్రశ్నలు ప్రైవేటు యూనివర్సిటీలోనూ అడగండి.

జవాబులు సరిసమానమైతే చేపల చెరువు తాకట్టు పెట్టి సీటు కొనొద్దు. ఆ అప్పు పిల్ల మెడకే చుట్టుకుంటుంది. పైచదువు మీద మనసున్నా, వాయిదాలు కట్టడానికి దొరికిన ఉద్యోగంలో చేరాల్సివస్తుంది. తెలివైన పిల్లకి ఇంతకంటే అన్యాయం లేదు.

ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావుకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. చెప్పేవాళ్ళుంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయం విద్యార్థిని అంత ఎత్తుకీ పంపగలదు.

అందుకే అధ్యాపక ఖాళీల సంగతి ఊళ్ళోకి రావాలి. ఎమ్మెల్యే వచ్చినప్పుడు రోడ్డు, డ్రెయిను అడిగినట్టే నూజివీడులో రెగ్యులర్ పోస్టులు ఎప్పుడు నింపుతారని నిలదీయండి. అక్కడ పిల్లని చదివిస్తున్న తల్లిదండ్రులు అడిగితే ఆ మాటకు బలం ఉంటుంది. బాగా చదివేవాళ్ళంతా వేరే దారి చూసుకుంటే, వెళ్ళలేని పిల్లల తరఫున గట్టిగా అడిగే గొంతు మిగలదు.