దండెం మీద కండలు

మండే ఎండాకాలంలో రాయలసీమ పల్లెల్లో మిద్దె మీదికెక్కితే ఏం కనబడతాయి? వడియాలు, ఊరమిరపకాయలు, చింతపండు. వీటి పక్కనే, కాస్త చాటుగా, దండెం మీద వేలాడే ఎర్రటి పట్టీలు కూడా కనబడేవి. దూరం నుంచి చూస్తే ఎవరో రిబ్బన్లు ఆరేశారనుకుంటాం. అవి మాంసం కండలు! ఎండు కండలని కొందరు, వట్టి తునకలని ఇంకొందరు అంటారు. కర్నూలు, కడప ముస్లిం ఇళ్లలో అయితే సుక్కా గోష్. బక్రీద్ వెళ్లిన మర్నాటి నుంచే ఆ ఇళ్ల మిద్దెల మీద తాళ్లు కట్టేవారు.

మా అవ్వది పోరుమామిళ్ల వైపు, అడవి అంచు పల్లె. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో దండెం మీద ఆరింది పొట్టేలు మాంసం కాదట. ఎవరో ఒకరు అడవికి పోయి కుందేలో జింకో కొట్టుకొచ్చేవారు. ఊళ్లో పోగులు పడేవి. ఫ్రిజ్ అన్న మాటే తెలియని కాలం. రెండు పూటల్లో తినగలిగినంత తిని, మిగతాది ఎండబెట్టి, పొయ్యి మీద పొగకు వేలాడదీసేవారు. వానాకాలంలో కూరగాయలు దొరకని నాడు అదే కూర.

ఆ అడవి మాంసం ముచ్చట అంతటితో సరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేటకు దాదాపు పూర్తిగా తలుపులు మూసేశారు. కుందేలును కొట్టినా నేరమే. కృష్ణజింకలాంటి వాటి మాంసం ఇంట్లో దొరికితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ‘ఎవరో ఇచ్చారండీ’ అంటే కుదరదు. సంక్రాంతి వెళ్లిన కనుమనాడు అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయల్దేరి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు కదా, మన ప్రాంతంలో వేట అన్న మాటకు ఇప్పుడు మిగిలిన మర్యాద అదొక్కటే. అదీ మంచిదే. జింకలు జింకల్లా ఉండనిద్దాం. పొగబెట్టే పద్ధతి మాత్రం పొట్టేలు మాంసానికీ అంతే బాగా పనికొస్తుంది.

కిలో మాంసం తీసుకోండి. ఎముక లేని తొడ కండ అయితే మేలు. కొవ్వు కనబడితే మొహమాటం లేకుండా కోసి పారేయండి. మాంసం ఎండుతుంది గానీ కొవ్వు ఎండదు, నాలుగు రోజులకే ముక్క వాసన కొడుతుంది. కండ వెంబడే పొడుగ్గా, వేలి మందంలో సగం ఉండేలా పట్టీలు కోయాలి. కిలోకు మూడు చెంచాల ఉప్పు, చెంచా పసుపు, రెండు చెంచాల కారం, కాస్త అల్లంవెల్లుల్లి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తెల్లారి ఊరిన నీళ్లు వంపేసి, దబ్బనంతో తాడుకు గుచ్చి ఎండలో కట్టాలి. ఒకదానికొకటి తగలకూడదు. ఈగలు వాలకుండా పైన పాత వాయిల్ చీర. పొద్దు గుంకేలోపు లోపలికి తెచ్చేయాలి, మంచు తగిలితే కష్టం వృథా. నాలుగో రోజుకు విరిస్తే టక్కున విరగాలి. వంగిందా, ఇంకా పచ్చిగా ఉన్నట్టే. మాంసంలో ముప్పాతిక వంతు నీరే కాబట్టి కిలోకు చేతికొచ్చేది మూడో వంతు. అవ్వ దాన్ని చూసి ‘ఇంతేనా’ అని ఏటా ఆశ్చర్యపోయేది!

తర్వాత పొగ. తుమ్మకట్టె నిప్పుల మీద నాలుగు పచ్చి రెమ్మలు వేసి, మంట రాకుండా, రెండు మూడు సాయంత్రాలు. పొగ పట్టిన కండకు బూజు తొందరగా రాదు, పురుగూ దగ్గరికి రాదు. పత్తికట్టె మాత్రం వద్దు. మన చేలల్లో పత్తికి ఎన్నిసార్లు మందు కొడతారో మీకు తెలుసు.

అమెరికావాళ్లు జెర్కీ అని ప్యాకెట్లలో అమ్మేది దీని చుట్టమే. ఆ మాట ఆండీస్ పర్వతాల క్వెచువా భాషలోని ‘చార్కి’ నుంచి వచ్చింది. కాకపోతే ఒక్క తేడా. వాళ్లు దాన్ని ఉన్నపళంగా నములుతారు. అందుకే అక్కడి ప్రభుత్వం ముందు మాంసాన్ని 71 డిగ్రీల వేడి తగిలేలా ఉడికించి ఆ తర్వాతే ఆరబెట్టమంటుంది. ఉప్పూ ఎండా సూక్ష్మజీవుల్ని పెరగనివ్వవు గానీ అన్నిటినీ చంపవు. మన తునకలను వేడినీళ్లలో అరగంట నానబెట్టి, బాగా ఉడికించి తింటాం. పచ్చివి నోట్లో వేసుకునే సరదా పిల్లలకు నేర్పకండి. బీపీ ఉన్నవాళ్లు ఆ నానబెట్టిన నీళ్లు పారబోయడం మరవద్దు.

చింతచిగురుతో వండితే ఇక చెప్పక్కర్లేదు. గోంగూర, వంకాయ కూడా సరే. పక్కన జొన్నరొట్టె ఉండాలి, లేదంటే రాగిసంగటి.

ఇంత తెలిసీ మా ఇంట్లో పదేళ్లపాటు తునకలు లేవు. కర్నూలులో అద్దెకు దిగిన కొత్తలో అమ్మ మిద్దె మీద తాడు కట్టింది. మధ్యాహ్నానికల్లా ఓనరమ్మ కింది నుంచి పిలిచింది. ‘మా మిద్దె మీద అట్లాంటివి ఆరేయొద్దు, పై ఇంటివాళ్లు అడుగుతున్నారు’ అంది. కోపంగా కాదు, మెల్లగానే. అదే ఎక్కువ గుచ్చుకుంది. వంకాయ వరుగులకు లేని అభ్యంతరం! అమ్మ ఏమీ అనకుండా తాడు విప్పి వంటింట్లో ఫ్యాను కింద కట్టింది. ఆ వారమే ముసురు పట్టింది. మూడో రోజుకు కండల మీద తెల్లగా బూజు. కిలో మాంసం చెత్తకుండీ పాలు. ఊరి నుంచి వచ్చిన అవ్వ చూసి నవ్వింది: ‘ఎండకున్న బుద్ధి ఫ్యానుకు యాడుంటాది నాయనా?’ అమ్మ మాత్రం నవ్వలేదు. మళ్లీ తాడూ కట్టలేదు.

పోయినేడు సొంతింటికి మారాం. చిన్నదే, కానీ మిద్దె మాదే. ఏప్రిల్‌లో బక్రీద్ రాకముందే, ఎవరినీ అడక్కుండా, అమ్మ మేకులు కొట్టించి తాడు కట్టింది. రెండో రోజు పక్కింటి గోడ మీదుగా ఒక పెద్దావిడ తొంగి చూసింది. అమ్మ గబుక్కున చీర సర్ది కప్పబోయింది.

‘ఉండనీ మ్మా’ అందావిడ. ‘పొగ పెట్టే రోజు చెప్పు, మావీ అరకిలో ఉండాయి.’