లేసుకు గుర్తింపు సరే, కూలి మాటేమిటి?

నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. సంతోషించాల్సిన విషయమే. కానీ నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో అరుగుల మీద కూర్చుని ఆ లేసు అల్లే ఆడవాళ్లకు ఆ గుర్తింపు వల్ల కూలి ఎంత పెరిగింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. లేసు పనికి కచ్చితంగా అమలయ్యే కనీస పీసు రేటు ప్రకటించాలి. ఆ రేటు చెల్లించని వ్యాపారి సరుకు మీద జీఐ ముద్ర పడకూడదు. కళను కాపాడతామంటూ చేసే మిగతా పనులన్నీ దీని తర్వాతే.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉన్న ఈ ఊళ్లకు లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. మతం మారిన పేద దళిత కుటుంబాల ఆడపిల్లలకు ఏదో ఒక ఆధారం చూపాలని వాళ్లు నేర్పారు. తర్వాత అది కాపుల ఇళ్లకూ పాకింది. ఆడవాళ్లు పొలానికి వెళ్లి కూలి చేస్తే పరువు తక్కువని భావించిన ఇళ్లలో, గడప దాటకుండా నాలుగు డబ్బులు కళ్లజూసే దారి ఇదొక్కటే అయింది. ఆ పరువే ఆ తర్వాత వాళ్లకు ఉచ్చయింది. దారం ఇంటికొస్తుంది, అల్లిన సరుకు ఇంటి నుంచే పోతుంది. బజారు మొహం చూడని మనిషికి బజారులో ధర ఎలా తెలుస్తుంది?

పని తీరు కూడా దీనికి తోడైంది. పువ్వులు అల్లేవాళ్లది చేతిపని. వాటిని కలిపేవాళ్లది అతుకుపని. అల్లికను గుడ్డకు చేర్చేవాళ్లది కాజా కుట్టు. ఒక్కో పని ఒక్కో ఇంట్లో, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో జరుగుతుంది. మధ్యలో ఏజెంటు. పువ్వు అల్లిన ఆమె పూర్తయిన టేబుల్ క్లాత్‌ను చూడనే చూడదు. తాను అల్లిన ముక్క ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకుందో, దానికి అక్కడెంత పలికిందో ఆమెకు తెలియదు. ఇక బేరం ఆడేది దేన్ని పట్టుకుని?

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ గుట్టును నలభై ఏళ్ల కిందటే విప్పారు. 1970ల చివర్లో ఇక్కడ తిరిగి, లేసు అల్లేవాళ్ల మీద 1982లో పుస్తకం ప్రచురించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా అప్పట్లో చేతికి రూపాయి కూడా వచ్చేది కాదని లెక్క తేల్చారు. వ్యాపారులు మాత్రం గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అనేవారు. కాలక్షేపమన్నాక కూలి చట్టం దాని జోలికి రాదు కదా! ఆ పుస్తకం పుణ్యమా అని నరసాపురం పేరు మన శాసనసభలో కన్నా విదేశీ తరగతి గదుల్లోనే ఎక్కువగా వినిపించిందేమో.

ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో పోర్చుగల్‌లో కనిపిస్తుంది. ఆ దేశ తీరంలో పెనిష్ అనే చేపల రేవు ఉంది. అక్కడ మగవాళ్లు సముద్రం మీదికి పోతే, ఆడవాళ్లు దిండు మీద నమూనా అట్ట పరిచి, సూదులు గుచ్చి, దారం చుట్టిన చెక్క కండెలను ఆడిస్తూ లేసు అల్లేవారు. వలలున్న చోట లేసూ ఉంటుందని ఆ దేశంలో సామెత. మన క్రోషే పద్ధతి వేరు. అది ఒక్క కొక్కెం సూదితో సాగుతుంది. మనం గమనించాల్సింది పద్ధతిని కాదు, అక్కడి ప్రభుత్వం చేసిన పనిని. 1887లోనే పెనిష్‌లో డిజైన్ బడి తెరిచి, మరియా అగుస్తా బోర్దాలో పిన్యేరో అనే కళాకారిణికి అప్పగించింది. అల్లేవాళ్లకు నమూనా గీయడమూ నేర్పాలన్నది అక్కడి ఆలోచన. మరో రేవు విలా దో కోండిలో లేసు బడీ ఉంది, 1991 నుంచి మ్యూజియమూ ఉంది. అయితే ఇవాళ ఆ కండెలు పట్టేవాళ్లలో చాలామంది ముచ్చటపడి నేర్చుకునేవాళ్లే, అదే బతుకుతెరువుగా ఉన్నవాళ్లు తక్కువ. నరసాపురానికి ఆ గతి పట్టకూడదు. మనకు ఇంకా వేల చేతులున్నాయి.

ఆ చేతులు ఎన్నాళ్లుంటాయన్నదే అనుమానం. రొయ్యల షెడ్డుకు వెళ్తే వారం తిరిగేసరికి కూలి చేతికొస్తుంది. గల్ఫ్‌కు వెళ్లిన పక్కింటామె డబ్బు పంపుతోంది. ఇవన్నీ చూస్తున్న కూతురు లేసు సూది ఎందుకు పడుతుంది? కొత్త తరానికి కళ మీద మక్కువ లేదని వేదికల మీద వాపోయేవాళ్లు ముందు ఆ లెక్క వేసి చూడాలి.

రేటు పెంచితే ఆర్డర్లు చైనాకు పోతాయని ఎగుమతిదారులు అంటారు. కానీ అక్కడి యంత్రపు లేసుతో చౌకలో పోటీ పడితే ఎప్పటికైనా ఓటమే. నిజమైన క్రోషే ముడిని యంత్రం అల్లలేదు, పైపై పోలికను మాత్రమే తేగలదు. మన బలం అదే. చేతి అల్లికను చేతి అల్లికగానే అమ్ముకోవాలి, ఆ ధరలో అల్లిన చేతికి వాటా ఎంతో బిల్లు మీద కనిపించాలి. దాచడానికేమీ లేనివాళ్లకు ఇందులో అభ్యంతరం ఉండనక్కర్లేదు.

కనీస పీసు రేటు కట్టడానికి దారి లేకపోలేదు. పీసు పనికీ కనీస వేతనం నిర్ణయించే వీలు 2019 వేతనాల కోడ్‌లో ఉంది. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో తెచ్చిన 177వ ఒప్పందాన్ని భారత్ ఇంకా ఆమోదించలేదు. అది కేంద్రం పని. రాష్ట్రం చేతిలో ఉన్నది రాష్ట్రం చేయాలి. ఒక్కో నమూనాకు మామూలు నేర్పున్న మనిషికి ఎంతసేపు పడుతుందో పల్లెల్లో కూర్చుని కొలిచి, చేతిపనికి, అతుకుపనికి, కాజా కుట్టుకు విడివిడిగా రేట్లు కట్టి, ఆ కాగితాన్ని తెలుగులో అచ్చువేసి దారంతో పాటు ప్రతి ఇంటికీ అందేలా చూడాలి.

జీఐ పేరు వాడుకోవాలంటే చట్టప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ జాబితాలో షావుకార్ల పేర్లు ఎన్ని, అల్లే ఆడవాళ్ల పేర్లు ఎన్ని? కలెక్టర్ ఆ లెక్కను బయటపెట్టాలి. అల్లేవాళ్ల నమోదు రుసుమును ప్రభుత్వమే కట్టాలి. రుస్తుంబాదలోని లేస్ పార్కులో డిజైన్ గీయడం, కొనుగోలుదారుతో నేరుగా బేరం ఆడడం నేర్పాలి. దీపం కింద దశాబ్దాల పాటు సన్నదారం అల్లినవాళ్లకు ఏటా కంటి పరీక్షలు చేయించి, కళ్లద్దాలు ఉచితంగా ఇవ్వాలి. జీఐ నమోదును పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ గడువు వచ్చేదాకా ఆగకుండా, వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే పీసు రేట్ల పట్టికను సభ ముందు పెట్టాలి.