నాలుగు సువార్తలకు ఒక్క పోత

నాలుగు సువార్తలను కరగించి ఒక్క యేసుచరిత్రగా పోతపోయుట భక్తికార్యమని తలంచువారు నేటికిని పెక్కురు కలరు. క్రిస్మసు నాటకములలో జ్ఞానులును గొల్లలును ఒకే పశువుల తొట్టియొద్ద మోకరింతురు. జ్ఞానులు మత్తయి చెప్పినవారు. గొల్లలు లూకా చెప్పినవారు. ఒకరి గ్రంథమున రెండవవారి జాడయే లేదు. మత్తయి జ్ఞానులు ప్రవేశించినది యింటిలోనికి, తొట్టి లూకాది. పిల్లల వేడుకకు ఇంత రభస యేల యని అడుగవచ్చును. వేడుకలో దోషము లేదు. కాని యా వేడుకయే పెద్దలకు పఠనపద్ధతియై, దానిని కాదన్నవాడు నాస్తికుడను నింద బయలుదేరినప్పుడు ఊరకుండుట తగదు.

ఈ పోత క్రొత్తది కాదు. 170వ సంవత్సర ప్రాంతమున తాతియానుడనువాడు నాలుగు సువార్తలను అల్లి ‘దియాతెస్సరోను’ అను నొక గ్రంథము కూర్చెను. సిరియా సంఘములలో అది చిరకాలము సువార్తగనే చదువబడినది. అయిదవ శతాబ్దమున థియొడొరేతు అను బిషప్పు తన యేలుబడిలోని దేవాలయములందు దాని ప్రతులు 200లకు పైగా కనుగొని, వానిని తొలగించి, వాని స్థానమున నాలుగు సువార్తలను నిలిపెను. నాలుగింటిని నాలుగుగా నుంచవలెననుట సందేహవాదుల కొంటెతనమని యాక్షేపించువారు ఈ బిషప్పును ఏ జాబితాలో చేర్తురో!

నాలుగుగా చదువుటకు మంచి సాధనము 18వ శతాబ్దమున దొరకినది. జర్మనీ పండితుడు గ్రీస్‌బాఖు, మత్తయి మార్కు లూకాల గ్రీకు మూలమును నిలువు వరుసలుగా ప్రక్కప్రక్కన అచ్చొత్తించి 1776లో ప్రత్యేక గ్రంథముగా ప్రకటించెను. (యోహాను సువార్త నడక వేరు, దానిమాట యిక్కడ విడిచెదను.) అట్లు పేర్చి చూడగా తేలిన సంగతి దాచిన దాగునది కాదు. మార్కు చెప్పిన విషయములో నూటికి తొంబదిపాళ్లు మత్తయిలో కలవు. సగమునకు మించి లూకాలో కలవు. విషయమే కాదు, కథల వరుసయు, పెక్కుచోట్ల గ్రీకు పదములును ఒక్కటే. యేసు మాటాడిన భాష అరమాయికు. ఆ భాషలో విన్నమాటలను ముగ్గురు వేర్వేరుగా జ్ఞప్తినుంచుకొని, వేర్వేరుగా గ్రీకున వ్రాసినచో ఆ పదములును ఆ వాక్యక్రమమును ఇంతగా కలియునా?

ఒక్క చోటు చూడుడు. రాబోవు విపత్తును గూర్చి యేసు శిష్యులతో ముచ్చటించుచుండగా, చదువరి దీనిని తెలిసికొనవలెనను నొక చిన్న హెచ్చరిక నడుమ వచ్చును. వినుచున్న శిష్యులకు చదువరితో పనియేమి? దానియేలు గ్రంథమును చదువువాడని సమాధానము చెప్పువారు కలరు. కానిండు. అయినను ఆ హెచ్చరిక మార్కు 13వ అధ్యాయమునను, మత్తయి 24వ అధ్యాయమునను, ఒకే ప్రసంగమున ఒకే తావున ఎట్లు పడినదో చెప్పవలెను గదా. ఒకరి వ్రాత మరియొకరి కన్నులయెదుట నుండెననుట తప్ప నాకు వేరు మార్గము తోచదు.

ఎవరిది ముందు? ఒకని కాగితమును చూచి మరియొకడు వ్రాసినచో ఒప్పులవలన పట్టువడడు, తప్పులవలన పట్టువడును. పరీక్షాపత్రములు దిద్దుటలో తలనెరసిన నావంటివారికి ఇది నిత్యానుభవము. హేరోదు అంతిపయ రాజు కాడు, చతుర్థాధిపతి. మార్కు లోకవాడుక ననుసరించి యతనిని రాజనియే వ్రాసెను. మత్తయి 14వ అధ్యాయపు మొదట సరిదిద్ది చతుర్థాధిపతి యనెను. కాని తొమ్మిదవ వచనము చేరునప్పటికి ఆ జాగ్రత్త సడలి, రాజు దుఃఖపడెనని వ్రాసెను. అంతటితో పోలేదు. మార్కు కథలో యోహానును చంపగోరినది హేరోదియ. హేరోదు యోహానుపై గౌరవము కలవాడై అతనిని కాపాడుచుండెను. కావున అతని తల తెమ్మన్నప్పుడు హేరోదు దుఃఖపడుట సహజము. మత్తయి కథలో చంపగోరినవాడు హేరోదే! తాను కోరినది చేతికందినప్పుడు దుఃఖమేల? ఆ దుఃఖము మార్కు కథనుండి జారి వచ్చినది. గుడేకరు అను పండితుడు 1998లో ఇట్టి తావులను కూర్చి, చూచి వ్రాయువాని ‘అలసట’ యని పేరిడెను. లూకాయందును ఇది కలదు: అయిదువేలమందికి ఆహారము పెట్టిన కథను బేత్సయిదా యను ఊరికి చేర్చి, రెండు వచనములు దాటగనే తామున్నది అరణ్యప్రదేశమని శిష్యులచేత ననిపించెను. ఆ కాలమున పూర్వగ్రంథమును చేపట్టి తిరిగి వ్రాయుట దొంగతనము కాదు. దానిచే మత్తయికి గాని లూకాకు గాని అగౌరవము లేదు.

పండితులీ నిర్ణయమునకు సుళువుగా రాలేదు. మార్కు మత్తయిని సంగ్రహించెనని 400వ సంవత్సర ప్రాంతమున అగస్తీను తలంచెను. గ్రీస్‌బాఖు కూడ మార్కునే కడపటివానిని చేసెను. ఆయన సిద్ధాంతము నేడు కొలదిమందికే సమ్మతము, ఆయన వరుసలు మాత్రము అందరికిని కావలసియున్నవి. 1838లో వైసె, 1863లో హోల్ట్‌స్‌మను, 1924లో ఇంగ్లండున స్ట్రీటరు, మార్కే మొదటిదను పక్షమును బలపరచిరి. మార్కులో లేక మత్తయి లూకాలకు ఉమ్మడిగా నుండు సుమారు 200 వచనములకు, నేడు లభింపని యొక వచనసంగ్రహము మూలమని యూహించి దానికి ‘క్యూ’ అని పేరుపెట్టిరి. ఊహ మంచిదే. కాని యూహను చేతి తాళపత్రమువలె వాడుట నాకు రుచింపదు. ఎవ్వరును కన్నులార చూడని యా గ్రంథమునకు 2000లో విమర్శాత్మక పరిష్కరణమే వెలువడినది! లూకా మత్తయిని చదివియుండిన క్యూతో పనిలేదని ఫారరు 1955లోనే వాదించెను. యేసును కొట్టుచు, నిన్ను కొట్టినదెవరని బంటులు ఎగతాళి చేయుట మత్తయిలోను లూకాలోను ఒకే అయిదు గ్రీకుమాటలలో నున్నది, మార్కులో లేదు. స్ట్రీటరు దీనికి జంకి, ఆ మాటలు మత్తయిలో తరువాతి లేఖకులు చేర్చినవనెను. అవి లేని మత్తయి ప్రతి యొక్కటియు లేదు. సిద్ధాంతమునకై పాఠమును నరకుట పండితులకు తగునా?

ఇక, ఈ పోలికలవలన విశ్వాసము చెడునను వాదము. లూకా తన గ్రంథపు తొలివాక్యముననే, తనకు ముందు అనేకులు వ్రాసిరనియు, తాను మొదటినుండి పరిశీలించి వ్రాయుచుంటిననియు చెప్పుకొనెను. ఆయనకు లేని భయము వీరికేల?

చెడునది విశ్వాసము కాదు. పోతపోయుటచే చెడునది గ్రంథము. శుభశుక్రవారమున సిలువపై యేసు పలికిన ఏడుమాటలను ఒక్క వరుసగా ప్రసంగింతురు. ఏ సువార్తలోను ఏడు లేవు. లూకావి మూడు, యోహానువి మూడు, మార్కు మత్తయిలకు కలిపి ఒక్కటి. మార్కు యేసును శిష్యులు విడిచిరి. ఇరుప్రక్కల సిలువలపైనున్న వారిద్దరును నిందించిరి. దేవుడును విడిచెనా యని యొక్క కేక వేసి, మరల మాటలేని గొప్పకేకతో ప్రాణము విడిచెను. లూకా యేసు శత్రువులను క్షమింపుమని వేడుకొని, ప్రక్కనున్న నేరస్థునికి అభయమిచ్చి, తండ్రి చేతులకు తన్ను అప్పగించుకొని శాంతుడై మరణించెను. లూకాకు మార్కు గ్రంథము తెలియును; ఆ విడువబడిన కేకను తెలిసియే విడిచెను. రెంటిని కలిపి వరుసగా చదివినచో మార్కు కేకకు లూకా ఓదార్పు వెంటనే మూతవేయును. విడువబడినవాని దుఃఖమును వినవలసినవాడు వినకయే యింటికి పోవును.

కాళిదాసుని దుష్యంతుడు శాపముచే శకుంతలను మరచెను. వ్యాసుని దుష్యంతుడు జ్ఞాపకముండియే ఎరుగననెను. అక్కడ దుర్వాసుడును లేడు, ఉంగరమును లేదు. రెండును కలిపి ఒక్క శకుంతలోపాఖ్యానము చేసినచో ఆ రాజు మరచినవాడా, బొంకినవాడా? నిండుసభలో ఆమె పడిన యవమానమునకు ఎవరు బాధ్యులు? సంస్కృతము నేర్చిన బాలుడెవ్వడును ఇట్టి పని చేయడు. సువార్తలకు మాత్రము ఇది భక్తి యయ్యెను.

పోతపోయువారికి ఎదురుగా మరియొక గుంపు కలదు. వీరు భేదములను ఏరి, సాక్షులు బొంకిరి గావున వ్యాజ్యము కొట్టివేయుడని గంతులు వేయుదురు. వీరిని పోతపోయువారి శత్రువులందురు. నాకు కవలసోదరులవలె కనబడుదురు. సువార్తలు న్యాయస్థానపు వాఙ్మూలములని యిరువురును నమ్మిరి. ఒకరు వానిని ఏకము చేయ జూతురు, ఒకరు చింపివేయ జూతురు. చదువుట యిరువురును ఎరుగరు.

నా మాట నమ్మవలదు. మార్కు 15వ అధ్యాయమును, లూకాను ముట్టక, ఒక సాయంకాలము ఇంటిలో పెద్దగా చదివి వినిపింపుడు. మరుసటి సాయంకాలము లూకా 23వ అధ్యాయమును చదువుడు. ఆ తరువాత ఏడుమాటల ప్రసంగమునకు పోవలెనో లేదో మీరే తేల్చుకొనుడు.