తీర్పు ముందు మన గుమ్మంలోనే

ఏ సువార్త సభకైనా వెళ్లి చూడండి. తుపాను వస్తే లోకస్తుల పాపం, కరోనా వస్తే దేశం పాపం, పక్కింటి పిల్లాడు పరీక్ష తప్పితే వాళ్ల పూజల పాపం. వేదిక మీద మైకు అదిరిపోతుంది, కింద ఆమెన్‌ల హోరు. తీర్పు దినం తల్చుకుంటే మనకు భయం లేదు సరికదా, తిరునాళ్లకు వెళ్తున్నంత సంబరం. ఆ రోజు బోనెక్కేదెవరో ముందే తేల్చేసుకున్నాం: మనం తప్ప అందరూ.

బైబిలు మొహం చూడనివాళ్లు ఇలా అనుకుంటే సరేననవచ్చు. నాలుగు తరాలుగా దాన్ని తలకింద పెట్టుకుని పడుకుంటున్న మనకు ఆ సాకు లేదు.

ఆమోసు సంగతే తీసుకోండి. తెకోవ ఊరి పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో, రెండో యరొబాము ఏలుబడిలో ఇశ్రాయేలు దేశం డబ్బుతో తులతూగుతున్నప్పుడు, బేతేలు వెళ్లి గొంతెత్తాడు. దమస్కుకు శిక్ష తప్పదన్నాడు. గాజాకు, తూరుకు, ఎదోముకు, అమ్మోనుకు, మోయాబుకు కూడా. వింటున్నవాళ్లు ఎంత మురిసిపోయి ఉంటారో! చివరికి యూదాను కూడా వదల్లేదు. అప్పుడు వేలు తిన్నగా ఆ వింటున్న ఇశ్రాయేలువాళ్లమీదికే తిప్పాడు. చెప్పుల జతకు పేదవాణ్ని అమ్ముకున్నది మీరే కదా, తాకట్టు బట్టలు పరుచుకుని బలిపీఠం పక్కనే పడుకుంటున్నది మీరే కదా అని నిలదీశాడు. దేవుడు ఏరికోరి ఎంచుకున్న జనమని విర్రవీగుతున్నవాళ్లతో, మీ శిక్షకు అదే కారణమన్నాడు. యాజకుడు అమజ్యాకు ఒళ్లు మండింది. రాజుగారి గుడిలో ఈ మాటలేమిటి, మీ దేశం పోయి అక్కడ పొట్ట పోసుకో అన్నాడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఆ దేశ రాజధాని షోమ్రోను అష్షూరు చేతిలో కూలింది.

యేసు లెక్కా అదే. కపెర్నహూము ఆయన కాపురమున్న ఊరు. తీర్పునాడు సొదొమ గతే ఆ ఊరి గతికన్నా నయమన్నాడు. సొదొమ వీధుల్లో ఆయన నడవలేదు మరి.

ఇప్పుడు మన పద్దు తీద్దాం. 1866లో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. మొదట పై కులాలవాళ్లు ఆసక్తి చూపారు. మాదిగలు రావడం మొదలయ్యేసరికి, వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ దంపతులు తటపటాయించి, చెరో చోట బైబిలు తెరిస్తే, దేవుడు నీచులనిపించుకున్నవాళ్లనే ఎంచుకున్నాడని పౌలు కొరింథు సంఘానికి రాసిన చోటే ఇద్దరికీ తగిలిందట. తలుపు మాదిగలకు తెరుచుకుంది, పెద్దలు వెనుదిరిగారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిలో ఆయన వేలమందికి కూలి చూపించాడు. గంజికోసం మతం మారారన్న మాట పడకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు.

అంతటి ఆరంభం ఎవరికి దక్కింది చెప్పండి? ఊరు బడి గుమ్మం తొక్కనివ్వని పిల్లలకు మిషన్ బడి పలక చేతికిచ్చింది. ఇన్ని అందుకుని మనమేం చేశాం? ఒకే ఊళ్లో మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు కట్టుకున్నాం. రెండింట్లోనూ అవే పాటలు, అదే రొట్టె. సంబంధం మాటొస్తే పాస్టరుగారే ముందు గుసగుసగా అడుగుతారు, "మనవాళ్లేనా?" అని. క్యాథలిక్కులకు దళిత కార్డినల్ రావడానికి 2022 దాకా పట్టింది. ఆయన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో నరికివేతకు బలైన దళితుల్లో మన విశ్వాసులున్నారు. వాళ్ల పేర్లు ఇవాళ ఎన్ని సభల్లో వినిపిస్తున్నాయి? ప్రార్థన నూనె సీసాల ప్రకటనలకే టైము చాలడం లేదాయె!

అన్నిటికన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకొకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేకుండా చేసింది. అది అన్యాయమే, కొట్లాడాల్సిందే. ఆ కొట్లాటలో కోర్టుకు మనమే చెప్పుకుంటున్నాం, చర్చిలో చేరినా కులం పోలేదని. అర్జీలో ఒప్పుకున్న పాపాన్ని ఆదివారం ఒప్పుకోలు ప్రార్థనలో మాత్రం మింగేస్తాం. దేవుడికి అర్జీలు చదవడం రాదనుకున్నామా?

బయట చర్చిల మీద దాడులు జరుగుతుంటే ఇంటి గుట్టు రచ్చకీడుస్తావా అంటారు. అమజ్యా అన్నదీ ఇంచుమించు అదే. కూల్చేవాడి నేరం కూల్చేవాడిది, దాన్ని కోర్టులో తేల్చుకుందాం. మన పద్దు వేరే ఉంది, అది ఇంకా తీరలేదు.

పాస్టరుగారూ, పెద్దలారా! వచ్చే ప్రభురాత్రి భోజనం రెండు పల్లెలకూ కలిపి ఒకే బల్లమీద పెట్టండి. మాదిగపల్లె పాస్టరు విరిచిన రొట్టె మాలపల్లె పెద్దలు తినాలి, మాలపల్లె పాస్టరు ఇచ్చింది మాదిగపల్లె తినాలి. కానుకల జమాఖర్చు తలుపుకు అంటించండి. మిషన్ స్థలాలు ఎవరి పేర్లమీదికి వెళ్లాయో సంఘం ముందు చదివి వినిపించండి. ఇంతమాత్రం చేతకాకపోతే, తీర్పు గురించి ఊళ్లో ఇంకొకరికి ప్రకటించడం మానుకోండి.