గృహవిజ్ఞానము: కంప్యూటరు మూగవోయినపుడు

మా చెల్లెలు దూరదేశమున కాపురమున్నది. ప్రతి యాదివారమును ఉదయమున మా యింటి కంప్యూటరులో నామె ముఖము చూచుచు, మాట వినుచు మా యమ్మ గంటసేపు ప్రొద్దుపుచ్చును. ఇటీవల నొక యాదివారమునాడు అమ్మ కొద్ది నిమిషములకే లేచివచ్చి, మాటాడక తన గదిలోనికి పోయెను. మరుసటి వారము పిలిచినను రాదయ్యెను. "నాకింక చెవులు వినబడవమ్మా, మీరే మాటాడుకొనుడు" అనెను. మేము పోయి కూర్చుండగా, తెరమీద చెల్లెలి పెదవులు కదలుచున్నవే గాని మాకును మాట వినబడలేదు! మూగవోయినది యంత్రము, తన చెవులే పోయినవని వారము దినములు లోలోపల క్రుంగినది ముదుసలి తల్లి.

మరమ్మతుచేయు నతనికి ఫోను చేయగా, చూడకయే "మదర్‌బోర్డు మార్పవలె" ననెను. మేము తొందరపడక శబ్దము వచ్చు త్రోవనంతయు వరుసగా వెదకితిమి. ఆ క్రమము నిచట తెలుపుచున్నాము.

మొదట స్పీకర్లను చూడవలెను. వానికి కరెంటు వచ్చుచున్నదా, దీపము వెలుగుచున్నదా, శబ్దము హెచ్చించు మర పూర్తిగా తగ్గియున్నదా యని పరీక్షింపుడు. వాని తీగను టీవీకో ఫోనుకో తగిలించినపుడు పలికినయెడల స్పీకర్లయందు దోషము లేదు.

పిమ్మట కంప్యూటరు పెట్టె వెనుకభాగము. అచట సాధారణముగా మూడు రంగుల రంధ్రములుండును. ఆకుపచ్చనిది స్పీకర్లకు, గులాబిరంగుది మైకునకు, నీలిరంగుది వెలుపలి శబ్దమును లోనికి గైకొనుటకు. ఇల్లు తుడుచునపుడు ఊడిన ప్లగ్గును తొందరలో గులాబి రంధ్రమున గ్రుచ్చుట కలదు. కొన్ని యంత్రములలో ముందువైపున హెడ్‌ఫోను తగిలించి మరచినను స్పీకర్లు పలుకవు.

మూడవది, తెర క్రిందిభాగమున కుడిమూల నున్న స్పీకరు బొమ్మ. దానిప్రక్క అడ్డగీతగాని, ఇంటూ గుర్తుగాని యున్నచో శబ్దము నాపివేసిరని యర్థము. దానిని నొక్కి సరిచేయవచ్చును. ఒక్క కార్యక్రమము మాత్రమే మూగయై, తక్కినవి పలుకుచున్నచో, ఆ బొమ్మపై మౌసు కుడిమీట నొక్కి 'వాల్యూం మిక్సర్' తెరచి, దాని శబ్దమును హెచ్చింపవలెను.

నాలుగవదే మా యింటి దోషము. పదిదినములకు ముందు పిల్లవాడు క్రొత్త మానిటరు తెచ్చి హెచ్‌డీఎంఐ తీగతో తగిలించెను. ఆ తీగ బొమ్మనే గాక శబ్దమునుగూడ కొనిపోవును. కంప్యూటరు తన శబ్దమునంతయు మానిటరునకు పంపుచుండెను. ఆ మానిటరులో స్పీకర్లే లేవు! విండోస్ 11 గల యంత్రములయందు 'సెట్టింగ్స్'లో 'సిస్టం', అందు 'సౌండ్' తెరచినచో, శబ్ద మెచటికి పోవలెనో యెన్నుకొను పట్టిక కనబడును. అందు మానిటరు పేరు విడిచి స్పీకర్ల నెన్నుకొంటిమి. కాసైన వ్యయము కాలేదు.

ఇన్నిటివలన ఫలితము లేకున్న, కంప్యూటరు నొకసారి ఆపి మరల నడిపింపుడు. ఆ పిమ్మట 'డివైస్ మేనేజర్'లో శబ్దపరికరము పేరును తొలగించి మరల ప్రారంభించినచో, విండోస్ దానికి వలసిన డ్రైవరును చాలసార్లు తానే యమర్చుకొనును. అప్పటికిని పలుకకున్ననే మరమ్మతువానిని పిలువవలయును.

ఆ సాయంకాలమే చెల్లెలిని పిలిచితిమి. అమ్మను బ్రతిమాలి కూర్చుండబెట్టితిమి. "అమ్మా!" యను పిలుపు గదియంతయు మ్రోగెను. అమ్మ కన్నులు తుడుచుకొని, "కొంచెము తగ్గింపుడు, నాకేమైన చెవుడా?" అనెను.

సోదరీమణులారా! యంత్రము చెడినపుడు వృద్ధులు దోషము తమయందే యున్నదని తలంచి ఊరకుందురు. ఇంటిలో నెవరైన నకస్మాత్తుగా మౌనము వహించినచో, ముందు వారి ప్రక్కను కూర్చుండి చూడుడు.