పదిమందితో నడక

విజయదశమి మరునాటి ఉదయం ఆదోని ప్రభుత్వాసుపత్రికి తలలు పగిలినవారిని చేర్చడం మా ప్రాంతీయులకు కొత్త దృశ్యం కాదు. హొళగుంద మండలంలోని దేవరగట్టులో మాళమల్లేశ్వరస్వామి కల్యాణం జరిగిన పిదప, అర్ధరాత్రి వేళ ఉత్సవమూర్తులు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాలవారు ఒక పక్షం. అరికెర, సుళువాయి, ఎల్లార్తి మొదలైన గ్రామాలవారు మరొక పక్షం. దివిటీల వెలుగులో, చేత కర్రలతో, మూర్తులను దక్కించుకొనడానికి సాగే ఈ సమరమే బన్ని ఉత్సవం. మణిమల్లాసురులను శివుడు సంహరించిన ఘట్టానికి ఇది స్మారకమని భక్తుల విశ్వాసం. 2025 అక్టోబరు 2వ తేదీ రాత్రి నూరుమందికి పైగా గాయపడ్డారు. ప్రాణనష్టం కూడా జరిగింది.

ఆ విశ్వాసాన్ని విమర్శించడం నా ఉద్దేశం కాదు. నన్ను వేధించే ప్రశ్న వేరు. ఏటా దసరాకు ముందు అధికారులు గ్రామాలలో సభలు పెడతారు. ఇనుప కట్లు వేసిన కర్రలను స్వాధీనం చేసుకొంటారు. వందలాది పోలీసులను నియమిస్తారు. 2020లో కోవిడ్ కారణంగా ఉత్సవాన్నే నిషేధించారు. అయినా జనం వచ్చారు, కర్రలు లేచినవి, తలలు పగిలినవి. శాసనానికి లోటు లేదు, శిరసావహించేవారే లేరు. పొలంలో, బడిలో, కచేరీలో పెద్దల మాట జవదాటని ఈ సాధుజనం ఆ ఒక్కరాత్రి ప్రభుత్వాజ్ఞను ఎందుకు లెక్కచేయరు?

పరుల ప్రభావం మనిషిపై మూడు విధాలుగా పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎవరూ అడుగకుండానే పదిమంది చేసేది తానూ చేయడం అనువర్తనం. ఒకరు అడిగితే కాదనలేక సరేననడం అంగీకారం. అధికారం గలవాడు శాసిస్తే తలవంచడం ఆజ్ఞాపాలన. ఈ మూడు పోగులూ బన్ని ఉత్సవంలో పెనవేసుకొని ఉన్నవి. ఉత్సవారంభంలో నెరణికి పక్షంవారు పాలు తాకి కలసికట్టుగా ఉంటామని ప్రమాణం చేస్తారు. దానిని పాలబాస అంటారు. అది అంగీకారం, ఒకసారి మాట ఇచ్చినవాడు వెనుదీయడం కష్టం. దేవుని ఆన, పెద్దల కట్టుబాటు ఆజ్ఞాపాలన. ఊరంతా కదలినప్పుడు ఇంట నిలువలేకపోవడం అనువర్తనం. మూడు పోగుల పగ్గాన్ని ప్రభుత్వం ఒక్క పోగుతో, అదీ ఆజ్ఞతో, తెంచజూస్తున్నది. దేవుని ఆన ఎదుట కలెక్టరు ఆన ఏపాటిది?

కొన్నేళ్ళ క్రితం దసరా సెలవుల తరువాత నా తరగతిలో ఒక విద్యార్థి తలకు కట్టుతో కూర్చున్నాడు. పాఠం ముగిసిన పిదప పిలిచి, “ఏం నాయనా, నీవు కూడా పోయినావా?” అని అడిగినాను.

“నేనెవర్నీ కొట్టలేదు సార్. పోకుండా ఇంట్లో పండుకుంటే పొద్దున హోటల్ కాడ తలెత్తుకునేదెట్ల?” అన్నాడు.

“పోవడం ఇష్టం లేనివారు మీ ఊళ్ళో నీవు తప్ప ఇంకెవరూ లేరా?”

కొంతసేపు ఆలోచించి, “ఉంటారేమో సార్. నేనెవర్నీ అడగలే. నన్నూ ఎవరూ అడగలే” అన్నాడు.

ఈ చివరి మాట నేను మరచిపోలేదు. ఇష్టం లేనివారు పదిమంది ఉండవచ్చు. ప్రతివాడూ తానొక్కడినే అనుకొంటే పదిమందీ కర్ర పట్టుకొని కొండ ఎక్కుతారు.

ఈ విషయాన్నే అమెరికాలో సాలమన్ ఆష్ 1951లో ప్రకటించిన ప్రయోగం నిరూపించింది. ఒక గీతతో సమానమైన గీత ఏదో, చూపించిన మూడింటిలో ఎంచి చెప్పమన్నారు. చిన్నపిల్లలు కూడా చెప్పగల లెక్క. కాని ముందుగా కూడబలుకుకొన్నవారు వరుసగా తప్పు చెబితే, అసలు పరీక్షింపబడే వ్యక్తి కన్నులతో చూస్తూనే సుమారు మూడోవంతు సార్లు తానూ తప్పే చెప్పినాడు. అయితే ఆ గుంపులో ఒక్కడు నిజం పలికితే చాలు, ఈ లొంగుబాటు నాలుగో వంతుకు పడిపోయింది.

యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో ఆరంభించిన ప్రయోగం మరింత భయంకరం. ఎదుటివానికి విద్యుదాఘాతం ఇమ్మని పర్యవేక్షకుడు ఆజ్ఞాపిస్తే, నలుబదిమందిలో 26 మంది చిట్టచివరి మీట వరకు నొక్కినారు. ఆ ఆఘాతాలు నిజమైనవి కావు. నొక్కినవారికి మాత్రం ఆ సంగతి తెలియదు. కాని పక్కనున్న ఇద్దరు సహచరులు మేము చేయమని లేచిపోయిన సందర్భంలో, చివరివరకు పోయినవారు నలుబదిమందిలో నలుగురే. పదిమందిని కట్టిన తాడును విప్పేది పైవాని ఆజ్ఞకంటె పక్కవాని తోడు అని దీని సారాంశం.

ఈ సత్యానికి అమెరికా దాకా పోనక్కరలేదు. ఆదోనికి పొరుగుననే ఎమ్మిగనూరు ఉన్నది. షావుకారు వద్ద నూలుకూ, తిండికీ అప్పుపడిన నేతగాడు అతడు చెప్పిన కూలికి సరేననక తప్పదు. అది అంగీకారమే గాని సమ్మతి కాదు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఒంటరిగా కాదనలేని నేతగాడికి సంఘం కాదనగల తోడైనది. 1954లో భారత ప్రభుత్వం సోమప్పగారిని పద్మశ్రీతో గౌరవించింది. పదిమందితో నడవడం దోషం కాదని ఎమ్మిగనూరు చెబుతున్నది. ఆ నడకను ఎంచుకొనే స్వేచ్ఛ ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఇక ఉపాధ్యాయ సోదరులతో ఒక మాట. పాఠం చెప్పి “అర్థమైందా?” అని మనం అడుగుతాము. “అయింది సార్!” అని తరగతి ఏకకంఠంతో పలుకుతుంది. అర్థం కానివాడు కూడా పలుకుతాడు. మనం తృప్తిగా పుస్తకం మూస్తాము. ముప్పది ఏండ్లుగా నేను చేస్తున్నదీ అదే. అనువర్తనలో మొదటి పాఠం కొండమీద గాక మన తరగతి గదిలోనే జరుగుతున్నది. “నాకు కాలేదు సార్” అన్న కుర్రవానిని మందమతి అని మందలించినప్పుడు, రేపు దేవరగట్టులో “నేను రాను” అనవలసిన గొంతును మనమే నొక్కివేస్తున్నాము.

కనుక దసరా సెలవులకు ముందు, ఆ చుట్టుపట్ల పాఠశాలలలో ఒక చిన్న పని చేసి చూడవచ్చు. పై తరగతుల విద్యార్థులు పేరు వ్రాయకుండా ఒక్కొక్క చీటీపై ఒక్కొక్క మాట వ్రాయాలి: ఎవరూ ఏమీ అనకుంటే, నాకై నేను కర్ర పట్టుకొని పోతానా, పోనా? ఆ చీటీలను అందరి ఎదుట చదవాలి. ఉపన్యాసం అక్కరలేదు, నిషేధం అక్కరలేదు. పోను అని వ్రాసినవాడు, అదే మాట వ్రాసిన మరొక చీటీ చదువగా వింటే చాలు.

స్వామి కల్యాణం జరుగవలసినదే, మూర్తులు ఊరేగవలసినవే. దివిటీ పట్టిన చేతికి కర్ర కూడా కావాలా అని అడిగే మొదటివాడు ఆ ఊరి బిడ్డే కావాలి. వానికి రెండవవాడు తోడుగా దొరకాలి. ఆ ఇద్దరినీ ముందుగా ఒకచోట చేర్చగలిగినది మన బడి.